నల్లగొండలో నాలుగు ఆదివారాల షేర్ల క్లాసు: నెలకు వెయ్యి పెట్టేవాళ్లకు ఎంత పనికొస్తుంది?

క్లాక్‌టవర్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక మేడమీది హాల్లో నడుస్తున్న క్లాసు ఇది. నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. ఫీజు 1,200 రూపాయలు. బ్యాచ్‌కు పాతికమంది మించకుండా తీసుకుంటారు. బోధన అంతా తెలుగులోనే, అదీ మన నల్లగొండ తెలుగులో. చెప్పే సారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బయట ఫ్లెక్సీ మీద కోటీశ్వరులు కావడం గురించి ఒక్క మాట లేదు. నెలకు వెయ్యి రూపాయలతో షేర్లలో మొదటి అడుగు, అంతే.

ముందే చెప్పేయాలంటే, మొదటి రెండు ఆదివారాలు ఫీజు మొత్తానికీ సరిపోతాయి. మూడోది సగం వృథా. నాలుగోది బాగుంది కానీ హడావిడిగా అయిపోతుంది. ఏడాదికి ఆరు వేలు, పన్నెండు వేలు పెట్టగలిగే మనిషికి 1,200 చిన్న మొత్తమేం కాదు. నెలకు ఐదు వందలు పెట్టేవాళ్లకైతే అది దాదాపు రెండున్నర నెలల పెట్టుబడి. అందుకే దేనికి ఆ పైసలు పోతున్నాయో వివరంగా చూడాలి.

క్లాసు మొదలయ్యే తీరే నచ్చింది. శాతాల లెక్క మనదగ్గర చాలామందికి నోటికి రాదు. నూటికి ఎంత వడ్డీ అంటే మాత్రం ఠక్కున చెప్తారు. సారు అక్కడే పట్టుకున్నారు. నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం, రెండు రూపాయల వడ్డీ అంటే ఇరవై నాలుగు శాతం అని బోర్డు మీద రాసి, “ఇక్కడ ఎవరికన్నా రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పున్నదా?” అని అడిగారు. ఏడెనిమిది చేతులు లేచాయి. “మీరు షేర్లు కొనుడు ఇప్పుడు కాదు. ముందు ఆ అప్పు కట్టుండ్రి. పది వేల అప్పు తీరిస్తే ఏడాదికి రెండు వేల నాలుగు వందలు మిగులుతయి. ఇంత ఖాయంగ మార్కెట్ల ఎవ్వడూ ఇయ్యడు” అన్నారు. ఫీజు కట్టి వచ్చిన మనిషికి మొదటి గంటలోనే ‘ఇప్పుడే కొనొద్దు’ అని చెప్పే క్లాసు మీద నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో విడిగా ఉంచుకోమన్నారు. చిట్టీ నడుస్తుంటే దాని కిస్తీలు తప్పకుండా చూసుకొని, మిగిలిందే ఇటు తిప్పమన్నారు.

మొదటి ఆదివారం రెండో సగం డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లు దాచుకునే ఖాతా తెరవడం. అందరూ తేలికనుకుంటారు గానీ మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలే ఉండదు. బ్రోకర్ (మన తరఫున షేర్లు కొని, అమ్మిపెట్టే సంస్థ) యాప్‌లో అన్నీ నింపి సంతకం కాగితం ఎక్కించాక రెండు రోజులకు ‘పేరు సరిపోలలేదు’ అని తిప్పి పంపుతారు. మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోమని, తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకొనే ఖాతాకు వెళ్లమని సారు ఒక్కొక్కరి కాగితాలూ చూసి చెప్పారు. పాన్‌కు ఆధార్ లింకయిందో లేదో కూడా ఆ రోజే ఫోన్లలో చూపించారు.

బ్యాంకు వివరాల దగ్గర ఇంకో చిక్కుంది. ఈ జిల్లాల్లో చాలామందికి గ్రామీణ బ్యాంకు ఖాతాలే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఎక్కిస్తే తిరస్కరించే ప్రమాదం ఉంది. శాఖకు వెళ్లి ఇప్పటి కోడ్ రాయించుకొని రావడం మంచిది. క్లాసు నోట్సులో ఇది లేదు. ఎవరో అడిగితే సారు చెప్పారు. నోట్సులోనే పెట్టాల్సిన మాట.

ఆడవాళ్ల ఖాతాల గురించి చెప్పింది మాత్రం చాలా విలువైనది. భార్య ఆధార్‌కు భర్త ఫోన్ నంబరు లింకయి ఉండటం మనదగ్గర మామూలే. అప్పుడు ఖాతా ఆమె పేరుమీద, ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కు. ఎవరు కొంటున్నారో ఎవరు అమ్ముతున్నారో ఆమెకు తెలియదు. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకొని, సొంత ఈమెయిల్ పెట్టుకొని, ఆ తర్వాతే ఖాతా తెరవమన్నారు. డిపాజిటరీ (అందరి షేర్ల లెక్కా భద్రపరిచే సంస్థ) నుంచి వచ్చే స్టేట్‌మెంటు ఆ ఈమెయిల్‌కే వస్తుంది. యాప్ ఏం చూపించినా, మీ పేరున నిజంగా ఏ షేర్లున్నాయో చెప్పేది ఆ స్టేట్‌మెంటే. నామినీ పేరు కూడా అదే రోజు రాసేయాలి.

డీమ్యాట్ ఖాతాకు ఏడాది చార్జీ ఉంటుందని యాప్ ప్రకటనల్లో కనిపించదు. ఏడాదికి 300, దానిమీద జీఎస్‌టీ కలిపి 354 రూపాయలు అనుకుందాం. ఏడాదికి ఆరు వేలు పెట్టేవాళ్లకు అది నూటికి ఆరు రూపాయలు. అంటే మార్కెట్ ఆరు శాతం పెరిగితే గానీ అసలు దగ్గరికే రాము. దీనికి మందుంది. బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ అని సెబీ (షేర్ల మార్కెట్‌పై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) పెట్టిన చిన్న ఖాతా. 2024 సెప్టెంబర్ 1 నుంచి, ఖాతాలో ఉన్న వాటి విలువ 4 లక్షల లోపుంటే ఏడాది చార్జీ సున్నా. 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి 100 రూపాయలు. షరతేంటంటే, ఆ మనిషి పేరుమీద డీమ్యాట్ ఖాతా అదొక్కటే ఉండాలి. ఒక యాప్‌లో బహుమతి కూపన్ కోసం ఒకటి, ఇంకో యాప్‌లో స్నేహితుడు పంపిన లింకుతో ఇంకొకటి తెరిచినవాళ్లు ఈ సౌకర్యం పోగొట్టుకుంటున్నారు. వాడని ఖాతా మూసేసి, ఉన్న ఖాతాకు ఈ సౌకర్యం వర్తిస్తోందా అని బ్రోకర్‌కు ఈమెయిల్ పెట్టాలి. ఎలా రాయాలో నాలుగు వరుసల నమూనా నోట్సులో ఇచ్చారు. అది బాగుంది.

ఇక్కడే ఒక లోపం కూడా చెప్పాలి. మొదటి రోజు చేతికిచ్చిన కాగితం అడుగున ఒక బ్రోకర్ క్యూఆర్ కోడ్ ఉంది. దాంతో ఖాతా తెరిస్తే క్లాసువాళ్లకు ఏమన్నా ముడుతుందా అని ఒకరు అడిగితే, ముడుతుందని సారు దాచకుండా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. కానీ అడగకముందే చెప్పాలి, ఆ మాట కాగితం మీదే రాయాలి. ఆ కోడ్ వాడాలన్న బలవంతమైతే లేదు. బ్రోకరేజీ (ఆర్డరుకు బ్రోకర్ తీసుకునే రుసుము), డీమ్యాట్ చార్జీ, అమ్మినప్పటి చార్జీ ఈ మూడూ నలుగురి దగ్గర పోల్చుకున్నాకే ఖాతా తెరవండి.

రెండో ఆదివారం ఈ క్లాసుకు ప్రాణం. ఎక్కువ సేపు ఒకే కాగితం మీద: కాంట్రాక్ట్ నోట్. షేరు కొన్న రోజు సాయంత్రం బ్రోకర్ ఈమెయిల్‌కు పంపే బిల్లు అది. దాన్ని తెరవడానికి పాస్‌వర్డు కావాలి, మామూలుగా పాన్ నంబరే. కొత్తవాళ్లలో దాన్ని తెరిచి చూసేవాళ్లు చాలా తక్కువ.

సారు బోర్డును నిలువునా రెండు సగాలు చేశారు. ఎడమ వైపు ‘కొన్నది’, కుడి వైపు ‘అమ్మింది’. వెయ్యి రూపాయలకు కొన్నాం, 1,050కి అమ్మాం, ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీ తీసుకునే బ్రోకర్ దగ్గర. కొన్నప్పుడు బ్రోకరేజీ 20, దానిమీద జీఎస్‌టీ 18 శాతం అంటే 3 రూపాయల 60 పైసలు, ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను వెయ్యికి రూపాయి, స్టాంపు డ్యూటీ 15 పైసలు, ఎక్స్చేంజి (షేర్ల బజారు) చార్జీ మూడు పైసలు. కలిపి దాదాపు 24 రూపాయల 80 పైసలు. అమ్మినప్పుడు మళ్లీ బ్రోకరేజీ 20, జీఎస్‌టీ 3.60, ఎస్‌టీటీ రూపాయి పైన. ఇవి కాక డీమ్యాట్ నుంచి షేరు బయటికి తీసినందుకు డీపీ చార్జీ ఒకటి. 15 రూపాయలు, జీఎస్‌టీతో 17.70 అనుకుంటే అమ్మకం ఖర్చు 42 దాటింది. రెండూ కలిపితే 67. ఎడమ సగం, కుడి సగం కూడి, అడ్డగీత గీసి, వచ్చిన లాభం 50 నుంచి తీసేశారు.

హాలియా నుంచి వచ్చిన ఒక కుట్టుమిషను ఆమె లేచి, “గిదేంది సారూ, యాభై లాభమొచ్చిందంటిరి, చేతికొచ్చేసరికి పదిహేడు తక్కువాయె” అంది. “అదేనమ్మా ఇయ్యాల్టి పాఠం” అన్నారాయన.

అక్కడితో ఆపకుండా అదే లెక్కను డెలివరీకి (కొని ఖాతాలో ఉంచుకునే షేర్లకు) బ్రోకరేజీ తీసుకోని బ్రోకర్ దగ్గర మళ్లీ వేయించారు, ఈసారి ఒక్కొక్కరి నోటుపుస్తకంలో. ఖర్చు 20 రూపాయలకు దిగింది, 30 మిగిలింది. ఆ ఇరవైలో కూడా దాదాపు 18 ఒక్క డీపీ చార్జీయే. ఆ చార్జీ ఎన్ని షేర్లు అమ్మినా ఒక కంపెనీకి ఒక రోజుకు ఒక్కసారే పడుతుంది. ఒక షేరు అమ్మినా అంతే, వంద షేర్లు అమ్మినా అంతే. బ్రోకర్‌ను బట్టి పదిహేను నుంచి పాతిక దాకా ఉంటుంది. అందుకే చిన్న మొత్తాలవాళ్లు కొనడం నెలనెలా కొంచెం కొంచెం చేసినా పర్వాలేదు గానీ, అమ్మడం మాత్రం ముక్కలు ముక్కలుగా చేయకూడదు. సోమవారం రెండు, మంగళవారం మూడు అని అమ్మితే రెండుసార్లు కట్టాలి. పన్నెండు వేల విలువైనవి ఒకేసారి అమ్మితే ఆ 17.70 వెయ్యికి రూపాయిన్నర మాత్రమే అవుతుంది.

ఒక్క విషయం ఆ రోజు చెప్పకుండా వదిలేశారు. బ్రోకరేజీకి పై హద్దుంది: షేరు విలువలో రెండున్నర శాతం. అంటే 500 రూపాయల ఆర్డరు మీద పన్నెండున్నర మించి బ్రోకరేజీ వేయకూడదు. బిల్లులో అంతకన్నా ఎక్కువ కనిపిస్తే అడిగే హక్కు మీకుంది. ఐదు వందల ఆర్డర్లు పెట్టేవాళ్లే ఎక్కువున్న క్లాసులో ఇది చెప్పి తీరాలి.

తర్వాత ఆర్డరు పెట్టే తెర. మూడు నెలల పాత ధరలతో తయారుచేసిన స్క్రీన్‌షాట్లు ప్రొజెక్టర్ మీద చూపించారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, క్లాసు నిజాయితీకి మంచి గుర్తు. చదువు చెప్పేవాళ్లు చివరి మూడు నెలల ధరలు వాడి ఫలానా షేరు గురించి మాట్లాడకూడదని సెబీ 2025 జనవరిలో సర్క్యులర్ ఇచ్చింది. ఇవాళ్టి ధర చూపించి ఇది పెరుగుతుంది, అది పడుతుంది అని చెప్పే ‘కోచింగు’ మీకు ఎదురైతే అది చదువు కాదు, సలహా. సలహా ఇవ్వాలంటే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

తెర మీద కొత్తవాళ్లు చెయ్యి తప్పేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, డెలివరీ అనే చోట ఇంట్రాడే నొక్కడం. ఇంట్రాడే అంటే ఆ రోజే కొని ఆ రోజే అమ్మడం. అందులో కొన్నది మూడుంబావు తర్వాత బ్రోకర్ సిస్టమే అమ్మేస్తుంది. చాలామంది బ్రోకర్లు అలా అమ్మినందుకు వేరే చార్జీ కూడా వేస్తారు. దాచుకుందామని కొన్న షేరు సాయంత్రానికి ఖాతాలో ఉండదు, పైగా బిల్లొకటి ఉంటుంది. రెండోది మార్కెట్ ఆర్డరు, అంటే ఏ ధరకు దొరికితే ఆ ధరకు కొనమనడం. అమ్మేవాళ్లు తక్కువున్న చిన్న షేరులో 48.20కి మూడే షేర్లు అమ్మకానికి ఉండి, ఆ పైది 49.10కి ఉంటే, పది షేర్లకు మార్కెట్ ఆర్డరు కొట్టినవాళ్లకు మూడు ఒక ధరకు, మిగతా ఏడు తొంభై పైసలు ఎక్కువకు వస్తాయి. లిమిట్ ఆర్డరు పెట్టి 48.30 అని రాస్తే అంతకు మించి ఇవ్వనక్కర్లేదు. దొరక్కపోతే ఆ రోజుకు దొరకదు, అంతే. ఉదయం 9:15కు మార్కెట్ తెరవగానే ధరలు ఎగిరెగిరి పడతాయి. పది దాటాక పెట్టమని చెప్పడం సరైన సలహా.

ఇవాళ కొన్న షేరు రేపు సాయంత్రానికి డీమ్యాట్‌లోకి వస్తుంది. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి. కొన్న గంటకే ఖాతాలో కనిపించలేదని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. అమ్మేటప్పుడు మాత్రం, బ్రోకర్‌కు ముందే అనుమతి పత్రం ఇవ్వనివాళ్లు టీపిన్, ఓటీపీ రెండూ కొట్టాలి. టీపిన్ అంటే డిపాజిటరీ నేరుగా పంపే అంకెల రహస్యం. ఫోన్ నంబరు మారిందంటే అమ్మకం ఆగిపోతుంది.

మూడో ఆదివారం ఏం కొనాలన్న ప్రశ్న. మొదటి గంట చక్కగా సాగింది. నెలకు వెయ్యి పెట్టేవాళ్లు విడి షేర్లకన్నా ముందు నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల సూచీ) ఈటీఎఫ్‌తోనో, అంటే షేరులాగే మార్కెట్లో కొనే ఫండ్‌తోనో, ఆ సూచీనే అనుసరించే మ్యూచువల్ ఫండయిన ఇండెక్స్ ఫండ్‌తోనో మొదలుపెట్టమని, ఎందుకో లెక్కతో చూపించారు. మన దేశంలో షేరులో ముక్క కొనలేం. ఎంఆర్ఎఫ్ షేరు ఒక్కటి 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. అది వెయ్యి రూపాయల మనిషికి అందేది కాదు. ఈటీఎఫ్ యూనిట్ వందల్లోనే ఉంటుంది, అందులో యాభై కంపెనీలుంటాయి. యూనిట్ 280 అనుకుంటే మొదటి నెల మూడు యూనిట్లు 840కి వస్తాయి, 160 మిగులుతుంది. రెండో నెల ఆ 160 కలిపి 1,160 అవుతుంది, నాలుగు యూనిట్లు 1,120కి వస్తాయి, 40 మిగులుతుంది. ఈ మిగులును మర్చిపోకుండా రాసుకునే పట్టిక నోట్సులో ఉంది. మిగులు గోల వద్దనుకునేవాళ్లకు ఇండెక్స్ ఫండ్ నయం, అందులో యూనిట్ ముక్కలు కూడా వస్తాయి, డీమ్యాట్ కూడా తప్పనిసరి కాదు. డైరెక్ట్ ప్లాన్ అన్న మాట చూసి ఎంచుకోవాలి. రెగ్యులర్ ప్లాన్‌లో ఏటా కమీషను పోతూనే ఉంటుంది.

ఈటీఎఫ్ పేరు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కొన్నింటిలో రోజుకు జరిగే వ్యాపారం చాలా తక్కువ. వాటిలో ధర అసలు విలువకన్నా ఒకటి రెండు శాతం పైనే నడుస్తుంటుంది. ఫండ్ కంపెనీ వెబ్‌సైటులో ఆ పూట విలువ కనిపిస్తుంది, దాంతో పోల్చి లిమిట్ ఆర్డరు పెట్టాలి. సారు ఇది చెప్పారు, కానీ చేయించలేదు.

ఎందుకంటే తర్వాతి గంటంతా ధరల ఎగుడుదిగుడులు చూపే క్యాండిల్ చార్టులకు పోయింది. ఎర్ర కడ్డీ, ఆకుపచ్చ కడ్డీ, సుత్తి ఆకారం, తిరగబడ్డ సుత్తి. నెలకొకసారి వెయ్యి పెట్టే మనిషికి దీంతో పనేంటి? చార్టు చూసినవాళ్లకు రోజూ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. రోజూ ఏదో ఒకటి చేస్తే ఏమవుతుందో రెండో ఆదివారం బోర్డు మీద చూపించిందే. సారు ఈ గంటను తీసేస్తే క్లాసు ఇంకా బాగుపడుతుంది. అడిగితే “పిల్లలు అడుగుతరు” అన్నారు. అడిగిందల్లా చెప్పనక్కర్లేదు.

ఆ గంట మింగేసింది ఇంకో మంచి పాఠాన్ని: కంపెనీ వార్షిక నివేదిక చదవడం. దీనికి వాళ్లు ఎంచుకున్న ఉదాహరణలు మన చుట్టుపక్కలవే. మఠంపల్లిలో సాగర్ సిమెంట్స్, మహంకాళిగూడెంలో డెక్కన్ సిమెంట్స్, చౌటుప్పల్లో దివీస్ ల్యాబ్స్. ఇవి మార్కెట్లో లిస్టయిన కంపెనీలని చాలామందికి అప్పుడే తెలిసింది. కొనమని కాదు, చూసిన ఫ్యాక్టరీ కాబట్టి కాగితం అర్థమవుతుందని. ఒక అబ్బాయి, “రోజూ లారీలు మస్తు పోతయి సార్, మంచిగనే నడుస్తది” అన్నాడు. అప్పుడు సారు చెప్పిన లెక్క ఇది: టన్నుకు యాభై కిలోల బస్తాలు ఇరవై. బస్తా మీద ధర ఇరవై రూపాయలు తగ్గితే టన్నుకు నాలుగు వందలు పోయినట్టు. లారీల లెక్క అంతే ఉంటుంది, లాభం మాయమవుతుంది. బొగ్గు, కరెంటు, కిరాయి ఖర్చులు పెరిగినా అదే కథ. లారీ అమ్మకాన్ని చూపిస్తుంది, లాభాన్ని కాదు. నివేదికలో మూడు వరుసలు వెతకమన్నారు: అమ్మకాలు, అప్పు మీద కట్టిన వడ్డీ, వ్యాపారం నుంచి చేతికి నిజంగా వచ్చిన నగదు. లాభం కాగితం మీద పెరుగుతూ, నగదు మాత్రం రాకపోతే అనుమానించాలి. ఇరవై నిమిషాల్లో ముగించారు. ఇంత మంచి పాఠానికి కనీసం గంటన్నర కావాలి.

ఇదే పూట నోట్సులో ఒక పట్టిక మీద అభ్యంతరం ఉంది. నెలకు వెయ్యి చొప్పున పదేళ్లు, ఏడాదికి పన్నెండు శాతం అయితే 2 లక్షల 32 వేలు అవుతుందని అందులో ఉంది. లెక్క తప్పు కాదు. కానీ పన్నెండు శాతం అన్నది రూపాయి వడ్డీలా నెలనెలా రాదు. 2008 జనవరిలో ఆరు వేల మూడు వందల దగ్గరున్న నిఫ్టీ అదే ఏడాది అక్టోబర్‌కల్లా రెండు వేల ఐదు వందల దగ్గరికి పడింది. లక్ష నలభై వేలయినట్టు. 2020లోనూ జనవరి నుంచి మార్చి 23 నాటికి మూడో వంతుకు పైగా పోయింది. ఆ పట్టిక పక్కనే ఈ రెండు వరుసలు అచ్చువేస్తే, అలాంటి నెల వచ్చినప్పుడు జనం బెదిరి అమ్ముకోరు. నోటితో చెప్పారు, కాగితం మీద మాత్రం లేదు. ఇంటికి వెళ్లాక మిగిలేది కాగితమే.

ఇంకా పెద్ద లోటు, క్లాసు మొత్తం నెలజీతం మనిషిని ఊహించుకొని తయారైంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లకు పైసలు నెలనెలా రావు. యాసంగి ధాన్యం అమ్మాక ఒకసారి, వానాకాలం పంట అమ్మాక ఒకసారి. బత్తాయి తోటవాళ్లకు కాపును బట్టి. పాలమూరు నుంచి పనులకు పోయి వచ్చేవాళ్లకు మేస్త్రీ లెక్క తేల్చినప్పుడు. ఇలాంటివాళ్లు ప్రతి నెలా ఐదో తేదీన సిప్ (ఖాతా నుంచి దానంతటదే ఫండ్‌కు పోయే కిస్తీ) పెట్టుకుంటే మూడు నెలలు పోతుంది, నాలుగో నెల ఖాతాలో లేక వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన ప్రతిసారీ బ్యాంకు వందల్లో చార్జీ వేస్తుంది. వెయ్యి రూపాయల సిప్‌కు అది పెద్ద దెబ్బ. వాళ్లకు సరిపడే పద్ధతి వేరు: పంట పైసలు రాగానే ఆరు నెలలకు సరిపడా మొత్తం విడి సేవింగ్స్ ఖాతాలో వేసి, సిప్‌ను ఆ ఖాతాకు కట్టాలి. ఎరువుల ఖాతా, ఇంటి ఖాతా దానితో కలపకూడదు. లేదంటే సిప్ మానేసి, చేతిలో ఉన్న నెలలోనే స్వయంగా కొనుక్కోవాలి. బ్యాచ్‌లో సగంమంది వ్యవసాయం ఇళ్లవాళ్లే ఉన్నప్పుడు ఈ పాఠం లేకపోవడం సరికాదు.

నాలుగో ఆదివారం కొన్న తర్వాత జరిగేవి. 2024 అక్టోబర్‌లో డాక్టర్ రెడ్డీస్ ఐదు రూపాయల ముఖవిలువ షేరును రూపాయి ముఖవిలువ షేర్లు ఐదుగా విడగొట్టింది. ఆ రోజు ధర ఐదో వంతుకు సర్దుకుంటుంది, కొత్త షేర్లు ఖాతాలో పడేదాకా యాప్‌లో ఎనభై శాతం నష్టం కనిపిస్తుంది. తెలియనివాళ్లు భయంతో అమ్ముకుంటారు. ఇలాంటి రోజున కంపెనీ ప్రకటన ఎక్స్చేంజి వెబ్‌సైటులో ఎక్కడ చూడాలో చూపించారు. పన్ను పది నిమిషాల్లో అయిపోయింది. ఏడాదికి మించి ఉంచితే 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. వెయ్యి రూపాయలవాళ్లకు ఇంతకన్నా అవసరం లేదు.

ఆప్షన్లు (ధర పెరుగుతుందో పడుతుందో అని పందెంలా కట్టే ఒప్పందాలు) ఎప్పుడు చెప్తారని కుర్రాళ్లు ప్రతి వారం అడిగారు. చెప్పనని సారు తేల్చేశారు, కారణం కూడా చూపించారు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, తలకు సగటున రెండు లక్షల దాకా పోయిందని సెబీ అధ్యయనమే 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. ఖాతా తెరిచేటప్పుడే ఆ సెగ్మెంటు పెట్టె మీద టిక్కు పెట్టకుండా వదిలేయమన్నారు. ఇది నూటికి నూరుపాళ్లు సరైన పని.

మోసాల గురించి చెప్పింది కూడా ఊరూరా వినిపించాల్సిన మాట. వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, ఒక యాప్ వేయిస్తారు, అందులో లాభం రోజూ పెరుగుతూ కనిపిస్తుంది. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమంటారు. ఆ యాప్‌లో కనిపించేవి అంకెలే, షేర్లు కావు. రిజిస్టరైన బ్రోకర్లకు డబ్బు పంపేందుకు సెబీ 2025 అక్టోబర్ నుంచి ప్రత్యేక యూపీఐ ఐడీలు తెచ్చింది. వాటిలో ఎట్ గుర్తు తర్వాత ‘వ్యాలిడ్’ అన్న మాట ఉంటుంది. వ్యక్తి పేరుతో ఉన్న ఐడీకో, బ్రోకర్ పేరు లేని కరెంట్ ఖాతాకో పంపమంటే అక్కడే ఆగిపోవాలి. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, మొదటి గంటల్లో చేస్తేనే ఆపే వీలు ఎక్కువ.

ఉచితంగా నేర్చుకోలేమా అంటే, సెబీ వాళ్ల సారథి యాప్ ఉంది, సమాచారం దాదాపు అంతా దొరుకుతుంది. ఫోన్‌లో ఒంటరిగా చదివి అర్థం చేసుకోగలిగిన డిగ్రీ పిల్లలకు అది చాలు, 1,200 మిగుల్చుకొని నాలుగు ఈటీఎఫ్ యూనిట్లు కొనుక్కోవచ్చు. పేరు సరిపోలని కాగితాలున్నవాళ్లు, బిల్లు చదవడం అలవాటు లేనివాళ్లు, ఇంట్లో అడగడానికి ఎవరూ లేనివాళ్లు ఈ క్లాసుకు వెళ్లడం మేలు.

వెళ్లేవాళ్లు పాన్, ఆధార్, ఇప్పటి పాస్‌బుక్ మూడూ తీసుకెళ్లండి. ఇప్పటికే ఖాతా ఉంటే ఒక కాంట్రాక్ట్ నోట్ ప్రింటు తీసుకెళ్లండి, దాన్నే విప్పి చెప్తారు. ఒక్క రోజుకు 350 కట్టి కూడా కూర్చోనిస్తున్నారు. దేవరకొండ, మిర్యాలగూడ నుంచి నాలుగు వారాలు రావడం కుదరనివాళ్లు రెండో ఆదివారం అడిగి రండి, క్యాలిక్యులేటరు ఉన్న ఫోన్ పూర్తిగా చార్జి చేసుకొని.